అన్నయ్య అని పిలిచే కొడుకు

ఇంకా నీళ్ళలోకి దిగలేదు. దిగేలోపు వెళ్ళి ఆపాలి, ఆపడానికేగా ఇంత దూరం వచ్చింది. కానీ కారు తలుపు పిడి మీద చెయ్యి వేసినవాడు వేసినట్టే ఉండిపోయాడు సాగిన్. చెయ్యి తన మాట వింటోంది, కాళ్ళే ఈ గొడవతో మాకేం సంబంధం అన్నట్టు బిగదీసుకుని కూర్చున్నాయి. కింద సరస్సు ఒడ్డున ఓ గుంపు, ఆడవాళ్ళు గులకరాళ్ళ మీద దుప్పట్లు పరుస్తున్నారు, ఎవరో టీ కాచే సమోవార్ కింద నిప్పు రాజేశారు, పొగ నీళ్ళ మీదికి పోయి ఎటు వెళ్ళాలో తెలియక అక్కడే తచ్చాడుతోంది, చూడబోతే పెళ్ళివారి విడిదిలా ఉంది. మతం మార్చుకునే చోటు ఇలా ఉంటుందని అతను అనుకోలేదు, ఏ చీకటి గదిలోనో తలుపులు వేసుకుని గుట్టుగా జరుగుతుందనుకున్నాడు. తెల్లచొక్కాలు వేసుకున్న ముగ్గురిలో పొడుగ్గా ఉన్నవాడు ఎలామన్. ఇంత దూరానికి మొహం ఆనడం లేదు, ఆనకపోతేనేం, ఆ నిలబడే తీరు చాలు, ఒంటి బరువంతా ఒక కాలి మీద వేసి, రెండో కాలి మడమ ఎత్తిపెట్టి, అలసిన గుర్రం నిలబడ్డట్టు. ఊరు మొత్తంలో అలా నిలబడేది ఇద్దరే, వాడూ, తనూ.

"వెళ్తావా, లేకపోతే వాళ్ళు టీ తాగి గిన్నెలు కడుక్కునేదాకా చూస్తావా?" వెనక సీట్లోంచి ఒస్మోన్ బాబాయి అడిగాడు.

"వెళ్తాను బాబాయ్. ఒక్క నిమిషం."

"నీ నిమిషంలో మేక ఈని, పిల్ల గడ్డి మేసి, అదీ చూలు కట్టేస్తుంది."

ఒస్మోన్ సొంత బాబాయేం కాదు, సాగిన్ తండ్రి కాసిమాలికి ప్రాణస్నేహితుడు. తెల్లగడ్డం, తెల్ల ఉన్నిటోపీ, జేబు నిండా ఎండు ఆప్రికాట్లు, నోటి నిండా ఎత్తిపొడుపులు. ఊరి పెద్దలు సాగిన్‌కు తోడుగా ఆయన్ని పంపారు, పంపడమేమిటి, ఇంకెవరైనా వస్తే మాట మాట పెరుగుతుందని ఆయనే నేను పోతానని కూర్చున్నాడు. మసీదు అరుగు మీద పోయిన వారం తేలిన సంగతి ఇది: ఎలామన్ ఈసా మనుషుల్లో, అంటే ఏసును నమ్మినవాళ్ళలో కలిసి, నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకోబోతున్నాడు, సాగిన్ వెళ్ళి వాణ్ణి మునగకుండా వెనక్కి తీసుకురావాలి. తేలేకపోతే శుక్రవారం నమాజు అయ్యాక నలుగురి ముందూ నిలబడి, వాడు మావాడు కాడు అని నోటితో చెప్పాలి. అదీ చెప్పకపోతే రేపు ఆ ఇంట్లో ఎవరు పోయినా మోయడానికి ఒక్క భుజం రాదు, కొండవాలు ఖబరస్తానులో కాసిమాలి పక్కన చోటుండదు. ఆ మాట చెప్పింది ఒస్మోన్ బాబాయే. "నాకు కక్షా నాయనా? బతికుండగా ఎవడి దారిన వాడు తిరగొచ్చు. చచ్చాక మాత్రం ఎవడూ తన కాళ్ళతో వెళ్ళలేడు, నలుగురు కావాలి" అన్నాడు. అందులో అబద్ధమేముంది. సాగిన్ ఊరి కాలువకు నీరటి, ఎవరి తోటకు ఏ పూట నీళ్ళు వదలాలో చూసేవాడు, ఇన్నేళ్ళలో ఊళ్ళో అతన్ని చూసి మొహం తిప్పుకున్నవాడు లేడు. ఈ వారంలో తిప్పుకున్నారు. తిప్పుకున్నవాళ్ళ తోటలకే మొన్న మొదటి నీళ్ళు వదిలాడు, వంతు వాళ్ళది కాబట్టి.

మావాడు కాడు. ఆ మాట అనడానికి కష్టమేముందిరా సాగిన్ అని తనను తనే అడిగి చూసుకున్నాడు, వాడు పుట్టిన్నాటి నుంచీ అంటూనే ఉన్నావుగా. నోటితో అనలేదు గానీ ఒంటితో అన్నావు. మంచు దిగిన పొద్దున భార్య బురుల్‌కు మొదటి కాన్పు, మగబిడ్డ, ఇంకా బొడ్డు కూడా ఆరలేదు, అమ్మ కొత్త దుప్పటి పట్టుకుని వచ్చింది, బిడ్డను చుట్టుకుంది, తన గదిలోకి తీసుకుపోయింది. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు. అడగడానికేముంది, మొదటి బిడ్డ తాతా నానమ్మలకు చెందడం ఆ కొండల్లో కొత్త కాదు, ఇవ్వనివాడే వింత మనిషి. తాతే వాడికి నాన్న, నానమ్మే అమ్మ. కన్నతండ్రి అన్నయ్య, కన్నతల్లి వదిన. పాలిచ్చే వేళకు బురుల్ ఆ గదిలోకి చుట్టంచూపుకు వెళ్ళినట్టు వెళ్ళేది, ఇచ్చి, తలగుడ్డ సర్దుకుని వచ్చేసేది, వచ్చాక కాసేపు ఏ పనీ చేసేది కాదు. మాటలు వచ్చాక వాడు ఆమెను వదినా అని పిలిచిన రోజు సాగిన్‌కు బాగా గుర్తు. పిండి పిసుకుతున్నది ఆగింది, మళ్ళీ పిసికింది, ఆ పూట రొట్టెల్లో ఉప్పు రెండుసార్లు పడింది, ఎవరూ ఏమీ అనకుండా తిన్నారు. తర్వాత ఆడపిల్లలు పుట్టారు, వాళ్ళు నాన్నా అన్నారు, ఇల్లు నిండింది, నిండలేదని అంటే కళ్ళు పోతాయి. అయినా గోడ అవతల వాడు దగ్గితే గోడ ఇవతల ఇద్దరికీ మెలకువ వచ్చేది. మెలకువ వచ్చిందని ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు కాదు.

వెనక సీట్లో ఆప్రికాట్ గింజ పటుక్కుమంది. ఒస్మోన్ బాబాయికి ఈ వయసులోనూ గింజ కొరికే పళ్ళున్నాయి, దేవుడు కొందరికి అలా ఇస్తాడు. సాగిన్‌కు ఆ చప్పుడుకే ఒళ్ళు ఉలిక్కిపడింది, ఇంకో చప్పుడనుకుని. ఇంకో చప్పుడంటే గొంతు సవరించుకునే చప్పుడు. తమను కన్నవాళ్ళ ముందు తాము కన్నబిడ్డను ముద్దు చెయ్యడం సిగ్గుమాలిన పని అని ఆ ఊళ్ళో పుట్టిన ప్రతి మగాడికీ తెలుసు, ఎవరూ బడిలో నేర్పరు, పెద్దాయన గొంతు సవరించుకుంటాడు, అంతే, చేతిలో ఉన్న బిడ్డ కింద ఉంటాడు. ఎలామన్ పాకే రోజుల్లో ఓసారి తన బూటు పట్టుకుని నిలబడబోతే వంగి చంకలో చేతులు వేశాడో లేదో, పొయ్యి దగ్గర్నుంచి నాన్న గొంతు, పెద్దగా కూడా కాదు, మెల్లగా, ఎండుకర్రను మరో కర్ర మీద పెట్టినట్టు. చేతులు వాటంతటవే ఊడిపోయాయి. నాన్నను తిట్టుకోవాలని సాగిన్ చాలాసార్లు ప్రయత్నించాడు, కుదిరింది కాదు. కాసిమాలి చెడ్డవాడా? ఎండాకాలం పచ్చిక మైదానంలో ఆ పిల్లాణ్ణి తన కోటులో పెట్టుకుని గుర్రమెక్కించినవాడు, వాడికి జ్వరం వస్తే తను గంజి మానేసినవాడు. తన చిన్నప్పుడు తననెప్పుడైనా అలా పెట్టుకున్నాడా? కొడుకుగా సాగిన్ ఏనాడూ ఎరగని నాన్నను, తమ్ముడి వరసవాడైన ఆ పిల్లాడి దగ్గర చూశాడు. చూసి సంతోషించాడు. కడుపుమండింది కూడా. రెండూ నిజమే, ఎందుకు దాచాలి.

నీళ్ళు. ఆ కాలువ. వాడికి అయిదేళ్ళుంటాయేమో, కొండ మంచు కరిగి కాలువ ఒడ్లు ఒరుసుకుపోయే రోజులు. సాగిన్ తూము తలుపు ఎత్తుతున్నాడు, గట్టు మీద కర్ర గుర్రం ఎక్కి వాడు పరిగెడుతున్నాడు, అన్నయ్యా చూడు, అన్నయ్యా చూడు, చూస్తున్నాన్రా అని తలతిప్పేసరికి గట్టు మీద కర్ర మాత్రమే ఉంది. తనెలా దూకాడో తెలీదు. తూములోకి లాగేసే నీళ్ళలో చొక్కా అంచు చేతికి తగిలింది, ఆ చొక్కా బురుల్ కుట్టినది, చేతికుట్టు గట్టిది, ఊడలేదు. ఒడ్డున పడుకోబెట్టి పొట్ట నొక్కితే నీళ్ళొచ్చాయి, దగ్గు వచ్చింది, అప్పుడు గుండెలకేసి హత్తుకున్నాడు. చుట్టూ ఒక్క మనిషి లేడు. కొడకా, కొడకా, నా తండ్రీ, అన్నాడు, ఎన్నిసార్లన్నాడో, అయిదేళ్ళవి అన్నీ ఒకేసారి అన్నాడు. వాడు కళ్ళు తెరిచాడు. అన్నయ్యా, భయమేస్తోంది, నాన్నని పిలువు, అన్నాడు. నాన్న పిలవకుండానే వచ్చాడు, గట్టు మీద ఆయాసపడుతూ నిలబడ్డాడు, మొహం తెల్లబారిపోయింది, అయినా గొంతు సవరించుకున్నాడు. సాగిన్ చేతులు వదులయ్యాయి. తండ్రి బిడ్డను ఎత్తుకుని ఇంటికి వెళ్ళాడు, బిడ్డ తండ్రి తూము తలుపు దించడానికి వెళ్ళాడు, ఎవరిదో తోట మునిగిపోతోంది మరి.

"ఆ లావుపాటి ఆయనే పాస్టరా?" ఒస్మోన్ బాబాయి కళ్ళు చికిలించాడు. "కుస్తీ వస్తాదులా ఉన్నాడు. వీళ్ళకి తిండి బాగానే పెడుతున్నారు."

"వస్తాదేనట. ఇదివరకు."

"హా. ఇప్పుడు మనవాళ్ళని పడగొడుతున్నాడు." తన ఛలోక్తికి తనే నవ్వుకుని, మళ్ళీ సీరియస్ అయిపోయాడు. "సాగిన్, నేనేమన్నా ఈసాను కాదన్నానా? మనకీ ఆయన ప్రవక్తే, పేరు తలిస్తే సలాం చెప్తాం. కానీ దేవుడికి కొడుకేంట్రా? ఆయనకు పెళ్ళామా, పిల్లలా? ఆ మాటే నాకు మింగుడుపడదు."

ఊరి లెక్కలో నాకూ కొడుకు లేడు బాబాయ్ అని సాగిన్‌కు నోటిదాకా వచ్చింది, వెనక్కి పంపేశాడు.

కాసిమాలి పోయిన రోజు ఇంటి ముందు డేరా వేశారు. ఆచారం ప్రకారం కొడుకులు నడుముకు గుడ్డ కట్టుకుని, చేతికర్ర మీద వాలి, వచ్చేవాళ్ళకు వినపడేలా నాన్నా నాన్నా అని ఏడవాలి. సాగిన్ ఒక కర్ర మీద, ఎలామన్ పక్కన ఇంకో కర్ర మీద. ఇద్దరూ ఒకటే మాట, నాన్నా, నాన్నా. వచ్చినవాళ్ళు ఇద్దరి భుజాలూ తట్టి లోపలికి పోతున్నారు. వాడి ఏడుపు విని విని సాగిన్ మధ్యలో ఆగిపోయాడు, తన పక్కన ఒకడు నాన్నా అని అంత గట్టిగా పిలుస్తున్నాడు, పలకాల్సినవాడు పక్కనే కర్ర పట్టుకుని నిలబడ్డాడు, పలకడానికి లేదు. దాని తర్వాత ఏడాదికే అమ్మ కూడా పోయింది. దినాలు అయ్యాక ఎలామన్ గొడ్ల కొట్టం దగ్గరికి వచ్చి, అన్నయ్యా ఇప్పుడు నాకెవరున్నారు, అన్నాడు. అంతపెద్ద మనిషి, మీసాలొచ్చినవాడు, అలా అడిగాడు. అప్పుడు చెప్పొచ్చు. నాన్న లేడు, గొంతు సవరించేవాడు లేడు. నేనున్నానుగా అన్నాడు సాగిన్, అని, ఆగి, అన్నని, అన్నాడు. ఆ చివరిమాట ఎవరు అనిపించారు తనతో? వాడు తలూపాడు. వాడికి తెలుసు ఎవరు కన్నారో, ఊరందరికీ తెలుసు, తెలియడం వేరు, అనడం వేరు. మర్నాడు పట్నం పోయాడు, ఇనుప గేట్లకు వెల్డింగ్ పని. అక్కడే ఎవరో వాణ్ణి టీకి పిలిచారు, టీతో పాటు ఈసా సంగతి చెప్పారు.

వసంతంలో వచ్చాడు, ఆప్రికాట్లు పూత మీదున్నాయి. కాలువ గట్టు మీద ఇద్దరూ కూర్చున్నారు, తూము పక్కనే. వాడు చెప్పడం మొదలుపెడితే సాగిన్ మొదట వినలేదు, నీళ్ళవైపే చూశాడు, వినకుండా ఉండడానికి నీళ్ళ చప్పుడు బాగా పనికొస్తుంది. వాడు మాత్రం చెప్పుకుపోయాడు. "అన్నయ్యా, ఈసా నదిలో మునిగి లేచాడంట. లేవగానే పైనుంచి తండ్రి మాట్లాడాడంట, ఒడ్డునున్న అందరూ వినేట్టు. వీడు నా కొడుకు, వీడంటే నాకు ప్రాణం, వీణ్ణి చూస్తే నా కడుపు నిండుతుంది అని. అప్పటికి ఈసా ఏం చేశాడనుకున్నావ్? ఏం చెయ్యలేదు. ఒక్క కుంటివాణ్ణి నడిపించలేదు, ఒక్క మంచిమాట బోధించలేదు. ఏమీ చెయ్యకముందే అన్నాడు." సాగిన్ అప్పుడు తల తిప్పాడు. "అందరూ వినేట్టా?" "అందరూ వినేట్టే." "హుఁ" అన్నాడు. ఇంకేమనాలి. ఆయనకేం, ఆయనకు పైన పెద్దవాళ్ళెవరూ లేరు, గొంతు సవరించేవాడెవడు, ఎంతైనా అంటాడు అనుకున్నాడు. తర్వాత అదే మాట పొలానికి పోయినా వదల్లేదు, పలుగు పట్టినా వదల్లేదు. పైన పెద్దవాళ్ళు ఎవరూ లేనివాడు గంభీరంగా ఉండొచ్చుగా, ఉరిమి ఊరుకోవచ్చుగా. కాసిమాలి అంతటివాడే బిగదీసుకుని కూర్చున్నాడే, ఆకాశం తన సొంతమైనవాడు దిగొచ్చి, నా కొడుకు, నా ప్రాణం అంటాడా, పల్లెటూరి పిల్లతల్లిలాగా?

ఇంకోటి కూడా చెప్పాడు వాడు. అంత ప్రాణమైన కొడుకునే ఇచ్చేశాడు అన్నాడు. సాగిన్ గబుక్కున అడిగాడు, ఎవరికి? మనకి. మనమేం చేశాం? చంపేశాం. మనవాళ్ళు అలా చెప్పరే అన్నాడు సాగిన్, చెప్పరు అన్నయ్యా, కానీ నేనిది నమ్మాను అన్నాడు వాడు. మళ్ళీ తీసుకున్నాడా కొడుకుని? మూడోనాడు, బతికించి తీసుకున్నాడు. మరి అందాకా ఆ తండ్రి ఏం చేశాడు? ఎలామన్ తల గోక్కున్నాడు, అది రాసిలేదు అన్నయ్యా, అన్నాడు. రాయక్కర్లేదు. సాగిన్‌కు తెలుసు. గోడ ఇవతల కళ్ళు తెరుచుకుని పడుకుని ఉంటాడు. అవతల దగ్గు వినపడుతుందేమోనని చెవి గోడకు ఆనించి ఉంటాడు. ఇచ్చినవాడికెలా ఉంటుందో పుచ్చుకున్నవాళ్ళకు తెలీదు. ఇంత వయసు వచ్చి, నమాజు తప్పకుండా చేసి, ఉపవాసాలు ఉండి, దేవుడంటే భయం ఉండేది తనకు, గౌరవం ఉండేది, పాపం అని మాత్రం ఎన్నడూ అనిపించలేదు. ఆ రోజు గట్టు మీద అనిపించింది. అయ్యో, నువ్వూ నాలాంటివాడివేనా అనిపించింది. అలా అనుకోవచ్చో కూడదో, తప్పైతే క్షమించాలి, కానీ ఆ సంగతి పెళ్ళాంతో కూడా చెప్పలేదు. వెళ్ళేముందు వాడు లేచి నిలబడి, ఒంటికాలి మీద బరువు వేసి, నేల చూస్తూ అన్నాడు, "ఆ మాట నాక్కూడా అంటున్నాడు అన్నయ్యా. ఈసా చెయ్యి పట్టుకున్నవాళ్ళందరికీ అంటాడంట. నువ్వు వింటే నీకూ అంటాడు." తనకా? ఎవరన్నారు తనతో అలా, ఏనాడైనా? కాసిమాలి ఒకసారి తను మచ్చిక చేసిన గుర్రాన్ని చూసి, గుర్రం బాగుంది అన్నాడు. అదే తండ్రి నోటివెంట విన్న పెద్ద మెప్పు. దాన్ని ముప్ఫై ఏళ్ళుగా దాచుకున్నాడు.

"నా కిందేంట్రా ఇది, కోడిపెట్టను పొదగేసినట్టు మెత్తగా ఉంది?" ఒస్మోన్ బాబాయి అటూ ఇటూ కదిలి, గుడ్డసంచీ ఒకటి బయటికి లాగాడు. పొద్దున బురుల్ కారులో పెట్టిన సంచీ. రొట్టెలనుకున్నాడు సాగిన్. ఆయన మూతి విప్పి చూశాడు, లోపల తువ్వాలు, మందపాటి చొక్కా, పైజామా, అడుగున కొత్త ఉన్ని మేజోళ్ళు, మగవాడి పాదాలవి, పెద్దవి. వాడు మునగడానికి వెళ్తున్నాడు, నేను ఆపడానికి వెళ్తున్నానని చెప్పాడు కదా ఆమెతో, ఊఁ అంది కదా, ఊఁ అని, నీళ్ళు చల్లగా ఉంటాయి అంది. తను అదేదో వాతావరణం సంగతి అనుకున్నాడు. ఈ మేజోళ్ళు ఎప్పుడల్లింది? ఆ ఉన్ని గోధుమరంగు ముసలి పొట్టేలుది, బొచ్చు కత్తిరించి చాలా రోజులైంది. అంటే తను మసీదు అరుగు మీద తల వంచుకుని కూర్చున్న రోజుల్లోనే ఆవిడ ఇంట్లో తల వంచుకుని అల్లుతోంది. బురుల్ తెగించింది. నోరు విప్పకుండానే తెగించింది. మరి ఆవిణ్ణి రేపు ఎవరు మోస్తారు, ఆ మాట ఆలోచించిందా? ఆలోచించకుండా ఉండే మనిషి కాదు, ఉప్పు రెండుసార్లు వేసిన రోజు తప్ప.

"మీ ఆవిడకి తెలుసన్నమాట" అన్నాడు ఒస్మోన్ బాబాయి, మెల్లగా, మేజోడు ఒకటి అరచేతిలో పెట్టి చూస్తూ. "కాసిమాలి పాదం కూడా ఇంతే." తర్వాత గట్టిగా, "వెళ్ళు నాయనా. లేస్తున్నారు చూడు. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చెయ్. తిట్టకు, కొట్టకు. మనవాడే కదా" అన్నాడు.

లేచారు. పాట ఏదో పాడుతున్నారు, తన ఊరి పాటల వరసే, కొముజ్ తీగలు మీటుతున్నారు, అరే, మన కొముజే, ఇదేం పరాయి దేశం పాట కాదే. ఎలామన్ తలెత్తి వాలు వైపు చూశాడు. కారును చూశాడు. చెయ్యి పైకెత్తాడు. మొన్న ఫోన్‌లో అన్నాడు, అన్నయ్యా నువ్వు రాకపోయినా నాకేం కోపం లేదు, వస్తే మాత్రం ఒడ్డున నిలబడు చాలు, నావైపు ఒక్కరైనా ఉన్నట్టుంటుంది. మిగతా ఇద్దరి చుట్టూ వాళ్ళ వాళ్ళున్నారు, తల్లి కాబోలు ఒకామె చొక్కా కాలరు సర్దుతోంది. వాడి పక్కన జానెడు జాగా ఖాళీగా ఉంది. సాగిన్ తలుపు తీశాడు. గాలి కొట్టింది, ఉప్పునీటి సరస్సు మీది గాలి. దిగాడు. ఇప్పుడు వెళ్ళి ఏమనాలి, రారా అనాలి, నీ మూలంగా మాకు మట్టి దొరకదురా అనాలి, అది నిజం, కన్నవాడికి కొడుకు వల్ల పట్టెడు మట్టి దొరకాలిగానీ పోగూడదు, అది న్యాయం. ఒక అడుగు వేశాడు. ఇంకోటి. వాడు అప్పటికే వెనక్కి తిరిగాడు, నీళ్ళు మోకాళ్ళ దాకా, నడుం దాకా. పాస్టరు ఒక చెయ్యి వాడి వీపు కింద పెట్టాడు, ఇంకో చెయ్యి రొమ్ము మీద.

వాడి తల నీళ్ళ కిందికి పోయింది.

ఏం జరిగిందో సాగిన్‌కు తర్వాత ఎంత తలుచుకున్నా వరసగా గుర్తురాలేదు. ఎవరో కెవ్వున అరిచారు, అది తన నోరే. రాళ్ళు కాళ్ళ కింద దొర్లుతున్నాయి, దుప్పటి, టీ గిన్నె, ఎవరి పిల్లో పక్కకు తప్పుకుంది, చల్లదనం ఒక్కసారి పొట్టను పట్టుకుంది, బూట్ల నిండా సరస్సు, అన్నయ్యా చూడు, అన్నయ్యా చూడు, గట్టు మీద కర్ర, చొక్కా అంచు, దొరికింది, దొరికింది. వస్తాదు పాస్టరు ఒక్క తోపుకు వెనక్కి పడ్డాడు. చంకల్లో చేతులు వేసి పైకి లాగాడు, నీళ్ళు కారుతున్న ఆ మొహాన్ని గుండెలకేసి హత్తుకున్నాడు, ఈసారి వాడు తనకన్నా పొడుగు, తన గడ్డం వాడి భుజానికి తగిలింది. వాడు దగ్గుతున్నాడు. కాదు, నవ్వుతున్నాడు. కాదు, దగ్గే.

"ఏం కాలేదు పెద్దాయనా, ఏం కాలేదు, మేమే లేపుతున్నాం" అంటున్నాడు పాస్టరు నీళ్ళలోంచి లేస్తూ. ఒడ్డున ఎవరో ఆడమనిషి జాలిగా అంది, "వాళ్ళ అన్నయ్యంట. ఊరినుంచి వస్తాడని చెప్పాడుగా. పాపం, భయపడిపోయాడు."

"అన్నయ్యను కాను."

నాలుగు తోటల అవతలివాణ్ణి నీళ్ళ వంతుకు పిలిచే నీరటి గొంతు అది, సరస్సు మీద చాలా దూరం పోయింది. "వీడు నా కొడుకు. నేను కన్నాను, బురుల్ కన్నది. వీడంటే నాకు ప్రాణం." అని, ఇంకేదో ఉందే, ఇంకో ముక్క ఉందే అని వెతుక్కున్నాడు, దొరికింది. "వీణ్ణి చూస్తే నా కడుపు నిండుతుంది." ఆ మాట తనది కాదని తెలుసు. తనకంటే ముందు ఎవరో అనేసి, దారి వేసి పెట్టాడు, తను ఆ దారిన నడిచాడు, అంతే. ఇన్నేళ్ళూ గొంతులో రాయిలా ఉన్నది అంత తేలిగ్గా బయటికి వచ్చేసింది. మళ్ళీ ఎవరో అదే మాట తనతో కూడా అన్నట్టు, నీళ్ళలో నడుందాకా నిలబడి ఉన్న ముసలాడితో, గుర్రంతో కాదు, అతనితోనే అన్నట్టు వినపడింది. నిజంగా వినపడిందా, లేక చెవుల్లో నీళ్ళా? ఆ సంగతి తర్వాత తేల్చుకుందాం అనుకున్నాడు. ఏడుస్తున్నాడు, నలుగురూ చూస్తున్నారు, చూడనీ.

"అన్నయ్యా..." అన్నాడు ఎలామన్, అలవాటున. పళ్ళు టకటకలాడుతున్నాయి. తర్వాత ఇంకేదో అనబోయి పెదవులు కూడదీసుకున్నాడు గానీ చలికి మాట కుదరలేదు, తల మాత్రం తండ్రి భుజం మీద వాల్చాడు.

అప్పుడు వినపడింది వెనక నుంచి. ఒస్మోన్ బాబాయి ఎప్పుడు దిగి వచ్చాడో, గుడ్డసంచీ రొమ్ముకు హత్తుకుని నీళ్ళ అంచున నిలబడ్డాడు, ఆయాసపడుతున్నాడు. గొంతు సవరించుకున్నాడు. పెద్దగా కాదు, మెల్లగా, అచ్చం కాసిమాలి లాగానే. సాగిన్ చేతులు వాటంతటవే వదులయ్యాయి. శుక్రవారం ఎక్కడికీ పోలేదు, మసీదు అరుగు అక్కడే ఉంది, కొండవాలున నాన్న పక్కన జాగా అక్కడే ఉంది, అన్నీ ఆ చిన్న చప్పుడులో ఉన్నాయి, అన్నీ అతనికి వినపడ్డాయి. వదులైన చేతుల్ని అతను మళ్ళీ బిగించాడు, ఇంతకుముందుకన్నా గట్టిగా, వాడి వీపు మీద వేళ్ళు ఒకదానిలో ఒకటి కలిపి.

"బాబాయ్, ఆ సంచీ ఇలా అందించండి" అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "మావాడు తడిసిపోయాడు."